నిలబడి తినే చోటు

బ్యూనస్ ఐరిస్‌లో, బోయెదో పేటలో,
తెల్లవారుజాము నాలుగింటికి మొదటి బస్సు నాది.
ఇరవై రెండేళ్ల స్టీరింగు.
ఏ పొయ్యి ఎప్పుడు రాజుకుంటుందో
వీధి దీపాలకంటే నాకే బాగా తెలుసు.

నా బస్సెక్కేవాళ్లలో రెండే పక్షాలు.
కుడి మూల సెనోన్, ఎడమ మూల నేలిదా,
మధ్యలో అవెన్యూ.
పేపర్లమ్మే అబెలార్దో సెనోన్ మనిషి,
ఆస్పత్రి నేల తుడిచే రొసావురా నేలిదా మనిషి.
ఇద్దరూ ఒకే సీట్లో కూచుని
ఒకరి కొట్టును ఒకరు ఏకిపారేస్తారు.
దిగేటప్పుడు మాత్రం ఆవిడ సంచీ ఆయనే అందిస్తాడు.

సెనోన్ పిజ్జా లావు.
రెండు పొరల పిండి మధ్య చీజ్ దాచిపెట్టి
మీద ఉల్లిపాయని వామిలా పోస్తాడు.
కోస్తే తాళ్లు తాళ్లుగా సాగి
కౌంటరు దాకా వస్తుంది.
మూకుళ్లు వాళ్ల నాన్న నాటివి,
సబ్బు మొహం చూడలేదు ఎన్నడూ,
గుడ్డతో తుడవడమే.
ఆ నలుపులో ఎన్ని వేల రాత్రుల నూనె ఇంకిందో
అడుగు కరకరలాడినప్పుడు పంటికి తెలుస్తుంది.
దానిమీద శనగపిండి రొట్టె, ఫైనా, ఒక ముక్క కప్పి
చిన్న గ్లాసులో తియ్యటి మోస్కాతో పోసి
నీ వైపు తోస్తాడు.
కుర్చీ అడిగావో
ఈ పేటవాడివి కాదని తెలిసిపోతుంది.
ఇక్కడ మోచేతుల మీదే కూచోవడం.

నేలిదాది పలచన, రాతి మీద కాలేది.
చేత్తో పట్టుకుంటే అంచు వంగదు,
ఆవిడ మాటలాగే.
టమాటాలు ఉడికించదు, పిడికిట్లో చిదిమి
ఉప్పేసి వాటి మానాన వదిలేస్తుంది.
రెండో ముక్క సగంలో ఉండగా
ఎక్కడో వెనక నుంచి పులుపు తగులుతుంది,
మర్చిపోయిన పేరు గుర్తొచ్చినట్టు.
ఒకటి అయ్యాకే ఇంకొకటి.
తొందరైతే ఎదురుకొట్టుకి పొమ్మంటుంది,
ఆ మాట అనేటప్పుడు మూతి ముప్పై వంకర్లు.

ఆ జ్వరాల ఏడాది దాటాక
ఒక రాత్రి సెనోన్ దగ్గర నేనొక్కణ్ణే.
పొయ్యి పక్కన చేతిగుడ్డ అంటుకుంది.
కమురు వాసనకి నా కళ్లు మండుతున్నాయి.
ఆయన అటు తిరిగి ఉల్లిపాయలు తరుగుతున్నాడు
అలాగే, తీరిగ్గా.
గుడ్డ లాగి సింకులో పడేశాను.
చాలాసేపు కుళాయి ఒక్కటే మాట్లాడింది.

"తొమ్మిది నెలలైంది," అన్నాడు చివరికి.
"కాఫీ లేదు, ఈస్టు లేదు,
మా ఆవిడ తలనూనె లేదు. ఏ వాసనా లేదు."
మరి ఇదంతా ఎలా అన్నాను.
చెవి పొయ్యి వైపు వంచాడు.
"ఉల్లిపాయ ముందు ఏడుస్తుంది.
తర్వాత గొణుగుతుంది.
గొణుగుడు ఆగబోయే ముందు ఒక్క రవ్వ సందు ఉంటుంది,
తీస్తే అప్పుడే తియ్యాలి."
పిండి పులిసిందో లేదో ఎలా తెలుస్తుందని అడగబోతే
తరగడానికి ఉల్లిపాయలు అయిపోయినా
కత్తి ఆపలేదు.

మర్నాడు నాలుగింటికి చూశాను.
నా హెడ్‌లైట్ల వెలుగులో
నెత్తిన గుడ్డ కట్టుకుని
అవెన్యూ దాటుతోంది నేలిదా.
సగం ఎత్తిన షట్టరు కింద సెనోన్
పిండి తొట్టి పట్టుకుని నిలబడ్డాడు.
ఆవిడ వంగి ఒక్కసారి గాలి పీల్చింది,
రెండు వేళ్లు చూపించింది,
ఇంకా రెండు గంటలన్నమాట.
వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.
పదకొండేళ్లుగా మాటల్లేవు వాళ్లకి.
ఇప్పటికీ లేవు.

అప్పట్నుంచి రోజూ చూస్తున్నాను,
కొన్నాళ్లు రెండు వేళ్లు, కొన్నాళ్లు ఒకటి,
వానొస్తే గొడుగులోంచి తల ఊపు.

"నువ్వు చెప్పవయ్యా, ఎవరిది గొప్ప?"
వెనక సీట్లోంచి అబెలార్దో.
"కార్డు పెట్టి వెనక్కి జరగండి" అంటాను.

ఏ షిఫ్టయినా సరే
ఆ మలుపులో అడ్డంగా ఎవరొచ్చినా
హారన్ కొట్టను.
బ్రేకు మీద కాలుంచి ఊరుకుంటాను.
కునుకు తీస్తున్నాననుకుని
రొసావురా భుజం తడుతుంది.